కాళ్లు లేని బల్లి పాము కాదు, దాని నడకా పాముది కాదు

వానాకాలం మొదలైందంటే వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఈ గోల మామూలే. ఇటుకల కుప్ప కిందినుంచో, పూలకుండీ వెనకనుంచో నున్నగా మెరిసే సన్నటి జీవి ఒకటి బయటికొస్తుంది. తోక ఎర్రగా ఉంటుంది. పాముపిల్ల అని ఒకరు అరుస్తారు, నలికండ్ల పాము, విషం అని ఇంకొకరు. కట్టె దొరికేలోపు అది సందులో దూరితే బతికిపోయినట్టే. నిజానికి అది పాము కాదు. స్కింక్ కుటుంబానికి చెందిన బల్లిపిల్ల, పుస్తకాల్లో నలికిరి అని రాస్తారు. పెద్దదయ్యాక ఆ ఎరుపు పోతుంది. విషం అసలే లేదు. కాస్త ధైర్యం చేసి దగ్గరగా చూస్తే నాలుగు కాళ్లూ కనిపిస్తాయి. కాకపోతే అవి ఆ ఒంటికి సరిపడే కాళ్లు కావు. ముందుకాలిని వెనక్కి, వెనకకాలిని ముందుకు చాచినా రెండూ ఒకదాన్నొకటి అందుకోలేవు. మధ్యలో బోలెడంత ఒళ్లు మిగిలిపోతుంది.

ఇక్కణ్నుంచి తూర్పుకు, కనుమలు దాటి వెళ్తే, ఇదే స్కింక్ కుటుంబంలో కాళ్లు పూర్తిగా పోయిన జాతులు ఉన్నాయి. ఒడిశాలో చిలికా సరస్సు మధ్యనున్న బర్కుడా దీవిలో దొరికిన కాళ్లులేని స్కింక్‌ను 1917లో నెల్సన్ అనండేల్ లోకానికి పరిచయం చేశాడు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు మొదటి డైరెక్టర్ ఆయనే. దీవి పేరుమీదనే దానికి బర్కుడియా అని పేరొచ్చింది. దాని తోబుట్టువు జాతి ఒకటి విశాఖపట్నం వైపు ఉంది. అదే తూర్పు కనుమల్లో సెప్సోఫిస్ అనే ఇంకో కాళ్లులేని స్కింక్‌ను 1870లో బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించాడు. తర్వాత వందేళ్లకు పైగా దాని జాడ లేదు. 2013లో వచ్చిన ఒక పరిశోధన పత్రంతో అది మళ్లీ వెలుగులోకి వచ్చింది. అంతకాలం కనపడకపోవడానికి కారణం దాని బతుకు తీరే. రాలిన ఆకుల కింద, రాళ్ల కింద, మెత్తటి మట్టిలో అది తిరుగుతుంటే ఎవరి కంట పడుతుంది?

ఇలాంటి జీవులను చూసినప్పుడు మనకు వెంటనే తోచే మాట ఒకటుంది: కాళ్లు పోయాయి కాబట్టి నడక పోయింది, బతకడానికి పాములా పాకడం నేర్చుకుంది. ఈ మాటలో రెండు పొరపాట్లున్నాయి. కాళ్లు పోయాక బల్లి కొత్తగా పాకడం నేర్చుకోలేదు, కాళ్లున్న రోజుల్లోనే అది సగం పాకుతోంది. రెండోది, అది పాకే తీరు పాముది కాదు. బయటికి ఒకేలా కనిపించినా లోపలి ఎముకలు, కండరాలు వేరు. ఆ తేడా కదలికలో తెలిసిపోతుంది.

తొండ ఉరుకును గమనిస్తే

ముందు తొండ సంగతి చూద్దాం. కంచె దగ్గరున్న తొండను అదిలిస్తే కుడి ముందుకాలు, ఎడమ వెనకకాలు ఒకేసారి ముందుకు పడతాయి. తర్వాత రెండో జత. ఇంతవరకు అందరం చూసేదే. మనం చూడనిది నడుము. అడుగు పడ్డ ప్రతిసారీ నడుము ఒక పక్కకు వంగుతుంది, తర్వాతి అడుగుకు రెండో పక్కకు. బల్లుల కాళ్లు ఆవు కాళ్లలా ఒంటి కింద నిలువుగా ఉండవు, పక్కలకు చాచుకుని ఉంటాయి. అలాంటి కాలు ఎక్కువ దూరం అందుకోవాలంటే భుజం తిరగాలి, భుజం తిరగాలంటే నడుము వంగాలి. అంటే బల్లి నడకలో పని ఒక్క కాళ్లదే కాదు. నడుము అటూ ఇటూ వంగుతూ బలాన్నిస్తుంటే, కాళ్లు ఆ బలాన్ని నేలకు అందిస్తాయి. పక్కలకు వంగే ఈ కదలిక చేపల నాటినుంచి వచ్చిన వారసత్వం.

దీనివల్ల ఒక తిప్పలు కూడా ఉంది. నడుమును వంచే పక్కటెముకల కండరాలే ఊపిరి పీల్చడానికీ కావాలి. రెండు పనులూ ఒకేసారి సరిగా కుదరవు. ఈ ఇబ్బందిని 1987లో డేవిడ్ క్యారియర్ అనే శాస్త్రవేత్త వివరించాడు. తొండలు, బల్లులు కొంతదూరం ఉరికి ఆగి, మళ్లీ ఉరకడం వెనక ఈ కారణం ఉంది. ఉడుము మాత్రం గొంతుతో గాలిని ఊపిరితిత్తుల్లోకి నెట్టుకుని కొంతవరకు గట్టెక్కుతుంది. ఇది పక్కదారి మాట. మళ్లీ నడుము దగ్గరికి వద్దాం.

తొండ నడుము ఊగే తీరును ఫిజిక్స్ చదువుకున్నవాళ్లు స్థిర తరంగం అంటారు. భుజాల దగ్గర, తుంటి దగ్గర ఊపు తక్కువ, మధ్యలో ఎక్కువ. వంపు ఉన్నచోటే పుట్టి ఉన్నచోటే అటునుంచి ఇటు మారుతుంది, తల నుంచి తోకకు ప్రయాణించదు. కాళ్లు లేని బల్లిలో ఇందుకు పూర్తిగా భిన్నం. మెడ దగ్గర పుట్టిన వంపు ఒంటివెంట వెనక్కి జారుకుంటూ తోక చివరిదాకా పోతుంది. ఇది పురోగామి తరంగం. ఒకదాన్నుంచి రెండోదానికి బల్లులు ఎలా వచ్చాయి? మధ్యలో ఎక్కడో తెగిపోయిన దారి ఉందా?

లేదు, దారి నేరుగానే ఉంది. ఆస్ట్రేలియాలో లెరిస్టా, ఫిలిప్పీన్స్‌లో బ్రాకిమెలెస్ అని రెండు స్కింక్ ప్రజాతులున్నాయి. ఒక్కో ప్రజాతిలోనే ఐదు వేళ్ల కాళ్లున్న జాతి, మూడు వేళ్లున్నది, ఒకటే వేలున్నది, మొండి మాత్రమే మిగిలినది, అదీ లేనిది, ఇలా మెట్లన్నీ బతికే ఉన్నాయి. ఇలాంటి పొట్టికాళ్ల బల్లుల కదలికలను కొలిచి 2022లో ఒక అమెరికన్ బృందం తేల్చిన విషయం నాకు చాలా నచ్చింది. వాటి ఒంటి ఊపులో స్థిర తరంగం, పురోగామి తరంగం రెండూ కలిసి ఉంటాయి. కాళ్లు పొట్టివయ్యే కొద్దీ, ఒళ్లు పొడుగయ్యే కొద్దీ మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. ఒక రోజు నడక మానేసి మర్నాడు పాకడం మొదలుపెట్టడం అంటూ లేదు. పాళ్లు మారాయి, అంతే.

ఇటుకల కుప్ప దగ్గర మన నలికిరిని ఓపిగ్గా చూస్తే ఇది కంటికే తెలుస్తుంది. సిమెంటు గచ్చు మీద మెల్లగా పోతున్నప్పుడు నాలుగు కాళ్లూ వేస్తుంది. భయపడి ఆకుల్లోకి, గడ్డిలోకి దూరిందా, కాళ్లను వెనక్కి మడిచి ఒంటికి ఆనించేస్తుంది. అప్పటినుంచి ఒళ్లే వంకరలు తిరుగుతూ ముందుకు లాక్కుపోతుంది. ఆ క్షణంలో అది కాళ్లున్న కాళ్లులేని బల్లి. సహారా ఎడారిలోని శాండ్‌ఫిష్ అనే స్కింక్ అయితే ఈ విద్యలో ఆరితేరింది. దానికి మంచి బలమైన కాళ్లే ఉన్నాయి. 2009లో దాన్ని ఇసుకలోకి వదిలి ఎక్స్‌రేతో చూశారు. ఇసుకలో మునగ్గానే కాళ్లను పక్కలకు ఆనించుకుని, ఒంటి అలలతోనే ఈదుతోంది. చుట్టూ ఒత్తుకునే మట్టి, ఇసుక, గడ్డి ఉన్నచోట కాలు చాచడం వల్ల లాభం లేదు, అడ్డం తప్ప. అలాంటి చోట తరతరాలుగా బతికితే కాళ్లు చిన్నవవడంలో ఆశ్చర్యమేముంది?

పక్కకు తోస్తే ముందుకు ఎలా పోతుంది?

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం న్యాయమైనదే. ఒళ్లు కదిలేది పక్కలకు. బల్లి పోయేది ముందుకు. మరి ముందుకు తోసేది ఎవరు?

తోసేది నేలే. పొలం ఒడ్డు మీద గడ్డి కుదుళ్లు, మట్టిపెళ్లలు, చిన్న రాళ్లు ఉన్నాయనుకోండి. బల్లి ఒంటి వంపు వెనక్కి జారుతున్నప్పుడు, వంపులో ఏటవాలుగా ఉన్న భాగం ఒక రాయికి ఆనుతుంది. అక్కడి కండరాలు బిగిసి రాయిని వెనక్కీ, పక్కకీ కలిపి ఏటవాలుగా నెడతాయి. రాయి కదలదు కాబట్టి అదే బలంతో ఒంటిని ముందుకూ, లోపలికీ నెడుతుంది. అదే సమయంలో ఒంటికి రెండోవైపు ఇంకో గడ్డి కుదురు దగ్గర ఇదే జరుగుతుంది. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు పడే బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముందుకు పడే బలాలు మాత్రం రెండూ ఒకే దిక్కు కాబట్టి కలుస్తాయి. ఆ మిగిలిన బలమే బల్లిని నడిపిస్తుంది.

కేంబ్రిడ్జిలో జేమ్స్ గ్రే అనే జంతుశాస్త్రవేత్త 1946లో పాముల మీద ఈ లెక్క వేశాడు. పలక మీద మేకులు పాతి, వాటి మధ్య పాములను పోనిచ్చి, ఎక్కడెక్కడ నెడుతున్నాయో చూశాడు. ఇలా సాఫీగా ముందుకు సాగాలంటే ఏ క్షణంలోనైనా కనీసం మూడు ఆసరాలు కావాలని చెప్పాడు. ఒకటే ఉంటే ఒళ్లు దాని చుట్టూ తిరిగిపోతుంది. రెండుంటే పక్కకు జారుతుంది. మూడోది వచ్చినప్పుడే లెక్క సరిపోతుంది.

ఈ పద్ధతిలో ఒక చక్కని సంగతుంది. తల ఏ దారిన పోతే మెడ ఆ దారినే పోతుంది, మెడ పోయిన చోటునుంచే నడుము, నడుము వెంట తోక. గడ్డిలో పడే జాడ ఒక్కటే, ఒంటి వెడల్పంతే. కాళ్లున్న జీవి అదే గడ్డిలో పోవాలంటే కాళ్లు చాచినంత వెడల్పు దారి కావాలి. నల్లరేగడిలో ఎండాకాలం పడే నెర్రెలు, గడ్డివాము అడుగు, పత్తికట్టె కుప్పలు, ఇలాంటి చోట్ల ఆ వెడల్పు దొరకదు.

ఇంకో మాట. రాళ్లకు ఆనుకుని నెట్టాలంటే పట్టు కావాలి కదా, మరి ఒళ్లు అంత నున్నగా ఎందుకు? ఎందుకంటే ఇక్కడ పని చేసేది ఒరిపిడి కాదు, రాయి నిలబడే మొండితనం. ఒరిపిడి వెనక్కి పట్టి లాగుతుంది, అది ఎంత తక్కువైతే అంత మంచిది. స్కింకుల పొలుసులు గుండ్రంగా, నున్నగా, ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉండటం వల్ల మట్టిలో కూడా ఒళ్లు సులువుగా జారుతుంది. మన నలికిరి మెరుపు అందుకే.

దీన్నిబట్టే ఇంట్లో దూరిన నలికిరి పడే అవస్థ అర్థమవుతుంది. ఇప్పుడు మన దగ్గర ఏ ఇంట్లో చూసినా కరీంనగర్ గ్రానైటో, టైల్సో. పాలిష్ పట్టిన ఆ నేల మీద నెట్టడానికి ఒక్క గరుకు లేదు. చిన్న కాళ్ల గోళ్లకు పట్టు దొరకదు. భయంతో ఒళ్లు మెలికలు తిప్పుతుంది, అలలు తల నుంచి తోకకు పరిగెడతాయి, ఒళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చూసేవాళ్లకు అది బుసకొట్టి మీదికొస్తున్నట్టు అనిపిస్తుంది. పాపం అది జారుతోంది. పూర్తిగా కాళ్లు లేని బల్లులకైతే ఇలాంటి నేల ఇంకా కష్టం.

పాముకున్న పనిముట్లు దీనికి లేవు

పాము కూడా గ్రానైట్ మీద ఇబ్బంది పడుతుంది, కానీ ఇంతగా కాదు. దాని కారణాలు ఒంటి లోపల వెతకాలి.

వెన్నుపూసలతో మొదలుపెడదాం. మనకు మెడనుంచి తుంటిదాకా 24 పూసలు. మామూలు కాళ్లున్న బల్లికి దాదాపు 26. యూరప్ నుంచి మధ్య ఆసియా దాకా కనిపించే ష్యెల్టోపుసిక్ అనే కాళ్లులేని బల్లి మీటరు దాటి పెరుగుతుంది, దానికి తోక మొదలయ్యేలోపే ఈ లెక్క 50 దాకా పోతుంది, తోకలో ఇంకా బోలెడు. చాలా పాముల్లో మొత్తం లెక్క 200 నుంచి 400 దాకా ఉంటుంది. పూసలు ఎన్ని ఎక్కువైతే వంపులు అంత దగ్గర దగ్గరగా, అంత చిన్నగా తిప్పుకోవచ్చు. కాళ్లులేని బల్లి వంపులు వెడల్పుగా, కాస్త బిర్రుగా ఉంటాయి. అలవాటైన కన్ను దూరంనుంచే తేడా పట్టేస్తుంది.

పూసల కీళ్లలోనూ తేడా ఉంది. పాము వెన్నుపూసల మధ్య మామూలు కీళ్లతో పాటు అదనంగా ఇంకో జత ఉంటుంది. ఒళ్లు పక్కలకు ఎంత వంగినా వెన్ను మెలి తిరిగిపోకుండా అది కాపాడుతుంది. కాళ్లులేని చాలా బల్లుల్లో ఈ అదనపు కీలు లేదు, ఉన్నా అంతంతమాత్రమే.

అసలు తేడా కండరాలది. పాము వీపులో ఒక్కో కండరం, దాని చివరనున్న పొడుగాటి టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) కలిపి, చాలా పూసలను దాటి వెళ్లి అతుక్కుంటుంది. కొన్ని పాముల్లో ఇది 30 పూసలు దాటుతుంది. ఇలాంటివి ఒకదానిమీద ఒకటి వరసలుగా పేర్చి ఉంటాయి. అందువల్ల నడుము దగ్గర దొరికిన ఒక్క రాయి మీద పాము ఒంట్లో చాలా భాగం బలాన్ని కేంద్రీకరించగలదు. బల్లుల కండరాలు అంత దూరం పోవు, దగ్గరి పూసలనే కలుపుతాయి. కాళ్లు పోయినా ఈ పాత ఏర్పాటు పెద్దగా మారలేదు. కాబట్టి కాళ్లులేని బల్లి ఒక్కచోట గట్టిగా నెట్టలేదు, చాలాచోట్ల కొంచెం కొంచెంగా నెట్టాలి. కాళ్లులేని జీవుల కదలికల మీద జీవితమంతా పనిచేసిన కార్ల్ గాన్స్ ష్యెల్టోపుసిక్‌ను పరీక్షించి చూపినది ఇదే. ఆసరాలు ఎక్కువ దొరికితే అది బాగా పోతుంది. ఆసరాలు తగ్గితే పాముకంటే ముందే తడబడుతుంది.

పొట్టకింద ఇంకో తేడా. పాముకు పొట్ట అడుగున అడ్డంగా ఒకే వరసలో వెడల్పాటి పొలుసులుంటాయి, పక్కటెముకలనుంచి చర్మానికి కండరాలుంటాయి. వాటితో ఒళ్లు వంచకుండా తిన్నగా, మెల్లగా జరగగలదు, కొండచిలువ అలా పోవడం చూసినవాళ్లకు తెలుసు. కాళ్లులేని బల్లి పొట్టకింద పొలుసులు చిన్నచిన్నవి, చాలా వరసలు. ఆ తిన్నని నడక దానికి చేతకాదు.

ష్యెల్టోపుసిక్ బంధువుల్లో ఇంకో చిక్కుంది. వాటి పొలుసుల కింద ఎముక పలకలుంటాయి, కవచమన్నమాట. కవచం గట్టిదే, కానీ లోపల ఊపిరితిత్తులు ఉబ్బాలి, గుడ్లు పెరగాలి, మింగిన తిండికి చోటు కావాలి. అందుకే ఒంటి రెండు పక్కలా పొడుగునా ఒక మడత ఉంటుంది. అక్కడ ఎముక లేదు, చర్మం మాత్రమే, అవసరమైనప్పుడు సాగుతుంది. ఇంత ఏర్పాటు ఉన్నా ఒళ్లు బిర్రుగానే ఉంటుంది. పట్టుకున్నవాళ్లు పాముకంటే గట్టిగా ఉందనేది అందుకే.

మరి పోయిన కాళ్ల తాలూకు ఆనవాళ్లు? బయట లేవు కానీ లోపల ఉన్నాయి. యూరప్ తోటల్లో కనిపించే స్లోవర్మ్ అనే కాళ్లులేని బల్లిలో భుజపుటెముకల కట్టు, రొమ్ము ఎముక, తుంటి ఎముక అన్నీ చిన్నవిగా మిగిలే ఉన్నాయి. పాముల్లో భుజపుటెముకలు పూర్తిగా పోయాయి, ఏ పాములోనూ లేవు. తుంటి ఎముక మాత్రం కొన్నింట్లో మిగిలింది. ఏటూరునాగారం అడవుల్లో ఉండే కొండచిలువకు తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్లలాంటివి ఉంటాయి, అవి వెనకకాళ్ల శేషాలే.

సన్నటి ఒంట్లో ఊపిరితిత్తులు పక్కపక్కన పట్టవు. అందుకని ఒకటి చిన్నదైపోయింది. పాముల్లో, కాళ్లులేని చాలా బల్లుల్లో చిన్నదైంది ఎడమది. యాంఫిస్‌బేనియన్లు అనే మట్టిలో బతికే ఇంకో గుంపులో మాత్రం కుడిది చిన్నదైంది. ఒకే చిక్కును ఎవరికి వాళ్లు విడిగా విప్పుకున్నారనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు.

గడ్డివాళ్లు, మట్టివాళ్లు

కాళ్లులేని బల్లులన్నీ ఒక మూసలో పోసినవి కావు. స్థూలంగా రెండు రకాలు. ఒకటి నేలమీద, గడ్డిలో తిరిగేవి. వీటిలో పొడుగంతా తోకదే. మన ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే గ్లాస్ లిజార్డ్ ఈ రకం, దాని మొత్తం పొడుగులో సగానికి మించి తోకే. రెండోది మట్టిలో దూరేవి. వీటిలో పొడుగంతా ఒంటిది, తోక పొట్టి. మట్టిలో పొడుగు తోక ఉంటే వెంట ఈడ్చుకుపోవాల్సిన బరువే తప్ప నెట్టడానికి అంతగా ఉపయోగపడదు. గడ్డిలో మాత్రం తోక కూడా రాళ్లకు, కుదుళ్లకు ఆని నెడుతుంది. అది కూడా నడిపించే ఒళ్లే.

కాబట్టి తోక తెగడం అనే బల్లుల పాత ఉపాయం వీటికి ఖరీదైనది. గ్లాస్ లిజార్డ్‌కు ఆ పేరొచ్చింది తోక పుటుక్కున విరిగిపోవడం వల్లే. ప్రాణం దక్కుతుంది, కానీ నడిపించే పరికరంలో సగం పోతుంది. మళ్లీ మొలిచే తోకలో వెన్నుపూసలు ఉండవు, మృదులాస్థి కడ్డీ ఒకటే ఉంటుంది, పాత తోక అంత పొడుగూ కాదు.

ఆస్ట్రేలియాలో ఇంకో వింత గుంపుంది, పైగోపాడ్లు. ఇవి మన గోడమీది బల్లికి దగ్గరి చుట్టాలు. ముందుకాళ్లు అసలు లేవు, వెనకకాళ్ల చోట చిన్న రెక్కల్లా చర్మపు ముక్కలు మిగిలాయి. కంటికి రెప్పలు లేవు, గోడబల్లి లాగానే నాలుకతో కళ్లు తుడుచుకుంటాయి. వీటిలో డెల్మా అనేవి ప్రమాదం వస్తే తోకతో నేలను కొట్టి గాల్లోకి ఎగురుతాయి, ఒకదాని తర్వాత ఒకటి గంతులు. కాళ్లులేని జీవి గంతులేయడం చూస్తే ఎవరికైనా మతిపోతుంది.

మట్టిలో దూరేవాటికి ఇంకో నడక కావాలి. ఇరుకు సొరంగంలో అలలు తిప్పడానికి చోటు చాలదు. అప్పుడు ఒంటి వెనక భాగాన్ని మడతలు పెట్టి సొరంగం గోడలకు బిగించి, ముందు భాగాన్ని చాచి, తర్వాత ముందు భాగాన్ని బిగించి వెనక భాగాన్ని లాక్కుంటాయి. చేదబావిలో పూడిక తీయడానికి దిగేవాళ్లు కాళ్లను రెండు పక్కల గోడలకు తన్ని పట్టుకుని దిగుతారు చూడండి, అదే కిటుకు. పని జరుగుతుంది కానీ ఒళ్లు హూనమవుతుంది. 1990లో ఒక పాము ఎంత ఆక్సిజన్ వాడుతుందో కొలిచి చూస్తే, ఈ మడతల నడకకు అలల నడక కంటే 7 రెట్లు శక్తి ఖర్చయింది. అలల నడకకు మాత్రం అదే బరువున్న కాళ్లున్న బల్లికి ఎంత ఖర్చో అంతే. కాళ్లు పోతే శక్తి ఆదా అవుతుందనే మాట అప్పటిదాకా ఉండేది, ఈ లెక్కతో అది నిలవలేదు. లాభం శక్తిలో లేదు, ఇరుకులో దూరగలగడంలో ఉంది.

కాళ్లు ఎలా పోయాయి?

క్లుప్తంగా చెప్పుకుందాం, ఇది వేరే వ్యాసానికి సరిపడేంత విషయం. స్లోవర్మ్ పిండంలో కాళ్ల మొగ్గలు మొదలవుతాయి. కొన్నాళ్లు పెరిగి ఆగి, మళ్లీ కరిగిపోతాయి. అంటే కాళ్లు చేసే సూచనలు మొత్తంగా చెరిగిపోలేదు, వాటిని కొనసాగించే సంకేతం ఆగిపోయింది. పాముల్లో ఆ సంకేతం ఎక్కడ తెగిందో 2016లో కొంత తెలిసింది. కాళ్ల పెరుగుదలకు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు కావాలి. దాన్ని కాళ్ల మొగ్గలో వెలిగించే స్విచ్ లాంటి డీఎన్ఏ భాగం ఒకటుంది. ఎలుకలో ఆ భాగం తీసేసి నాగుపాముదో, కొండచిలువదో పెడితే ఎలుకకు కాళ్లు మొండిగా మిగిలాయి. కొండచిలువ భాగంలో పోయిన 17 అక్షరాలను తిరిగి చేర్చి పెడితే కాళ్లు మామూలుగా వచ్చాయి.

ఒళ్లు పొడుగవడం వేరే లెక్క. పిండంలో వెన్నుపూసల ముక్కలు ఒక లయలో విడివడతాయి. పాము పిండంలో ఆ లయ, ఒంటి ఎదుగుదలతో పోలిస్తే, చాలా వేగం. అందుకే ముక్కలు చిన్నవి, ఎక్కువ.

ఇదంతా ఒకసారి జరిగిన ముచ్చట కాదు. బల్లుల వంశంలో కాళ్లు పోయి ఒళ్లు పొడుగవడం విడివిడిగా పాతిక సార్లకు పైగానే జరిగింది. ఆస్ట్రేలియా లెరిస్టాల్లో ఐదు వేళ్ల కాలు పూర్తిగా పోవడానికి 36 లక్షల ఏళ్లు సరిపోయి ఉండొచ్చని 2008లో లెక్కగట్టారు, పరిణామంలో అది కొద్ది కాలమే. ఫిలిప్పీన్స్ బ్రాకిమెలెస్‌లలో వాతావరణం తడిగా మారాక కాళ్లు మళ్లీ వచ్చాయని 2020లో ఒక బృందం వాదించింది. ఆ పాతికలో ఒకసారి పుట్టినవే పాములు. వంశవృక్షం ప్రకారం చూస్తే పాములూ కాళ్లులేని బల్లులే, కాకపోతే అందరికంటే దూరం పోయినవి. అర్జెంటీనాలో దొరికిన నజాష్ అనే పాత పాము శిలాజానికి వెనకకాళ్లు ఉన్నాయి, 2006లో దాన్ని వర్ణించారు.

మన ఊళ్లలో తేడా గుర్తుపట్టడానికి ఇంత శాస్త్రం అక్కర్లేదు. ఎంత చిన్నవైనా కాళ్లు కనిపిస్తే అది బల్లే, మన దేశపు బల్లుల్లో దేనికీ విషం లేదు. కాళ్లు కనిపించకపోతే మాత్రం చేత్తో ముట్టకండి. కట్లపాము పిల్ల కూడా సన్నగా, నున్నగానే ఉంటుంది. దూరంనుంచే పాములు పట్టేవాళ్లకో, అటవీశాఖకో ఫోన్ చేయడం మంచిది.

కాళ్లున్న నలికిరే గ్రానైట్ మీద జారుతూ గిలగిలా కొట్టుకుంటుంటే చీపురుతో తరమడం వల్ల పని కాదు. దానికి కావాల్సింది మూడు ఆసరాలు, పాలిష్ బండ మీద ఒక్కటీ లేదు. తలుపు దాకా ఒక గోనెసంచి పరిచి, రెండడుగులు వెనక్కి జరగండి. గోనె పోగుల్లో పట్టు దొరకగానే అదే పోతుంది.